సారు చెప్పకుండా పోయిన కల

మోత్కూరులో మా పక్కింట్లో కిరాయికుండే సారు మంగళవారం పొద్దున పోయారు. పాలాయన తలుపు కొడితే తీయలేదట. గుండె ఆగిందన్నారు. నాకు మాత్రం ఆ మాట గొంతు దిగడం లేదు.

ఆయన కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పుట్టింది కల్వకుర్తి దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో. మా బాపు చనిపోయాక ఒకటే కల నన్ను పీక్కుతింటుంటే ఆయన అరుగు మీద కూలబడ్డాను. కలలో మూసిన గదిలో బాపు మగ్గం ఆడుతుంటుంది. తలుపు తీయాలంటే వణుకు.

సారు నా మొహం చూడలేదు. ఎవరేం చెప్పుకున్నా చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తూ వినేవారు. కళ్లలోకి చూస్తే మనిషి నోరు మూసుకుంటాడట.

"బిడ్డా, ఊరికి చూపే మొఖం ఒకటుంటది. అది మంద ముంగట నడిచే గొర్రె. మనం వద్దని ఎనుకకు నెట్టింది ఇంకోటి, దాన్ని నీడ అంటరు. కాపరి కన్ను ఎనుక గొర్రె మీదనే ఉండాలె."

"మరి కల, సార్?"

"ఎనుకపడ్డది అరుస్తాంది. గంతే."

ఎవరిని చూస్తే ఒళ్లు మండుతుందో వాళ్లలో మన నీడే కనబడుతుందనేవారు. ఇంకా లోతున అందరికీ ఉమ్మడి మనసొకటి ఉంటుందట, తాతముత్తాతల భయాలూ ఆశలూ అందులోవేనట. అందుకే మూసిన గది కల నా ఒక్కదానికే కాదు, ఎందరికో వస్తుందన్నారు. అది విని వెక్కివెక్కి ఏడ్చాను. నెల తిరిగాక నోరు పెగిలింది.

"బాపు మీద నాకు కోపం సార్. తాగి తాగి మమ్ముల ఆగం చేసిండు."

ఊరంతా నన్ను తండ్రిని కంటికి రెప్పలా చూసుకున్న బిడ్డ అంటుంది మరి! సారు ఉలిక్కిపడలేదు. "ఇగ తలుపు తీసినవ్" అన్నారు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టింది.

పోయిన శనివారం గేటు దగ్గర ఆపారు. "జర ఆగు బిడ్డా. నాకూ ఒక కల వస్తాంది. ఎనుక గొర్రె అరుస్తాంది, నా మెడ తిరుగుతలేదు..."

"బస్సు పోతది సార్, పొద్దుమీకి వస్త."

ఆ సాయంత్రం వెళ్లలేదు. ఆదివారం వెళ్లలేదు, సోమవారం వెళ్లలేదు. రెండేళ్లు నా కలలన్నీ ఆయన నెత్తిన పెట్టాను. ఆయనకూ ఒక ఎనుక గొర్రె ఉంటుందని నా పాడు బుర్రకు తట్టలేదు. బస్సులు గంటకొకటి వస్తూనే ఉన్నాయి. ఆ కల ఇప్పుడెవరిని అడగను? ఏం చేయాలో దిక్కు తోచడం లేదు.

ఆయన్ని తీసుకుపోయాక అరుగు ఎక్కాను. చేటలో చింతపండు సగం గింజలతోనే ఉంది. కూర్చుని ఒళ్లోకి లాక్కున్నాను. ఒక్కో గింజా తీస్తూ, తల ఎత్తకుండా, "చెప్పుండ్రి సార్" అన్నాను.