దీపస్తంభం కథ ఐదో భాగం కోసం కొల్లేటికోట దాకా

తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందుగదిలో రెండు బీరువాలున్నాయి. ఒకదాన్నిండా మామయ్యగారి పంచాంగాలు, స్తోత్రాల పుస్తకాలు. ఆయన పక్క వీధి గుడిలో అర్చకులు. రెండోది నాది. అందులో ఉన్నవన్నీ టీనేజి పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు ప్రేమ నవలలు. ప్రేమించుకున్న ఇద్దరిలో ఒకరే మామూలు మనిషి. రెండోవారు రక్తపిశాచో, పున్నమికి తోడేలుగా మారేవాడో, ఎప్పుడో చనిపోయి తిరిగొచ్చిన కుర్రాడో అయి ఉంటారు. నాకు నలభై దాటాయి, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ పుస్తకాలు కొనడం, చదవడం, వరస తప్పకుండా సర్దుకోవడం బీయస్సీ రోజుల నుంచీ మానలేదు. మామయ్యగారు వాటిని దెయ్యాల పుస్తకాలంటారు. పండగ రోజుల్లో నా బీరువాకు దుప్పటి కప్పిస్తారు.

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. కానీ నాలుగేళ్లుగా ఈ పుస్తకాలన్నీ ఆవిడకు తెలుసు. సాయంత్రం దీపం పెట్టాక పెరటి అరుగు మీద కూర్చుని ఆవిడ ఒత్తులు చేసుకుంటుంటే నేను చదువుతూ తెలుగులో చెబుతాను. మా ఇద్దరికీ అన్నిటికన్నా ఇష్టమైనది ఆరు భాగాల ఒక సిరీస్. సముద్రం ఒడ్డున దీపస్తంభంలో ఉండే టిల్డా అనే అమ్మాయి, వందేళ్ల కిందట ఆ నీళ్లలోనే మునిగిపోయిన ఎజ్రా అనే కుర్రాడు. మంచు పట్టిన రాత్రి మాత్రమే అతను ఒడ్డుకు రాగలడు. వచ్చిన ప్రతిసారీ అతని జ్ఞాపకాల్లో ఒకటి చెరిగిపోతుంది. ఆ పేర్లు నోరు తిరగక మా అత్తగారు అమ్మాయిని తులసి అనీ, అబ్బాయిని ఈశ్వర్ అనీ పిలుచుకుంటారు. నాలుగో భాగం చివర్లో ఈశ్వర్ ఒడ్డుకొచ్చి, తులసి మొహంలోకి చూసి, "ఎవరు నువ్వు?" అని అడుగుతాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

మేం రెండేళ్లు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. ఆరో భాగం నా దగ్గరుంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఐదోది దొరకలేదు. దాన్ని మళ్లీ అచ్చు వెయ్యలేదు, ఫోన్లో చదువుకునే రూపంలోనూ రాలేదు. విదేశం నుంచి తెప్పిద్దామంటే ఒకసారి డబ్బు వెనక్కి వచ్చింది గానీ పుస్తకం రాలేదు. అలాంటిది డిసెంబరు మొదట్లో ఏలూరు నుంచి పాత పుస్తకాల కొట్టాయన ఫోన్ చేశారు. "మేడంగారూ, మీ దీపస్తంభం పుస్తకం ఐదోది దొరికిందండీ. పక్కన పెట్టాను, వచ్చి పట్టుకెళ్లండి."

శనివారం కాలేజీకి సెలవు పెట్టాను. ఐదోదాని పక్కన పెట్టి చూసుకోవాలని ఆరో భాగం కూడా సంచిలో వేసుకున్నాను. నేను చెప్పులేసుకుంటుంటే అత్తగారు జరీ అంచు చీర కట్టుకుని సంచితో వచ్చి నిలబడ్డారు.

"నువ్వెక్కడికి?" అన్నారు మామయ్యగారు.

"ఏలూరులో మా పిన్ని కూతుర్ని చూసి చాలా రోజులైందండీ," అన్నారావిడ. ఆ పిన్ని కూతురు హైదరాబాదు వెళ్లిపోయి ఏడాదైన సంగతి మాకిద్దరికే తెలుసు.

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు చేరుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ ఇంకా త్వరగా వెళ్తుంది గానీ, కొట్టు తెరిచేది పదింటికి కాబట్టి తొందర అక్కర్లేదు. పవర్‌పేట స్టేషనులో దిగి, ఇడ్లీ తిని, నడిచే వెళ్లాం. సందులో ఇరుకైన కొట్టు. పోటీ పరీక్షల గైడ్ల వెనక ఉన్న అట్టపెట్టెలో నవలలుంటాయి. ఆయన నవ్వుతూ పుస్తకం చేతికిచ్చారు. నీలం అట్ట, మంచులో దీపస్తంభం. వెన్ను తిప్పి చూశాను. అది ఐదు కాదు, నాలుగు. రోమన్ అంకె.

"వి అంటే ఐదని మా మనవరాలు చెప్పిందండీ," అన్నారాయన నొచ్చుకుంటూ. "ముందున్న గీత సంగతి చెప్పలేదు."

అత్తగారు గైడ్ల కట్ట మీద కూర్చుండిపోయారు. "అంటే ఇది మనం చదివేసిందేనా?" అని అడిగారు. ఆవిడ మొహం చూస్తే నాకు నా బాధ కూడా గుర్తు రాలేదు.

ఆయన తల గోక్కుని, "ఇలాంటి అట్టదే ఇంకోటి కొల్లేటికోట ఆస్పత్రి నర్సమ్మగారు పట్టుకెళ్లారండీ. మిగతా భాగాలొస్తే చెప్పమని నంబరిచ్చారు," అన్నారు. అప్పటికప్పుడే ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. అవతల ఒక ఆడగొంతు, వెనకాల కోళ్ల అరుపులు. తన దగ్గరున్నది ఐదో భాగమేనని చెప్పింది.

"మీరు ఎంతకిస్తారండీ?" అన్నాను.

"అమ్మనండీ," అంది వెంటనే. మళ్లీ తనే, "చూస్తానంటే రండి, చూపిస్తాను. మధ్యాహ్నం నుంచి ఇంటి దగ్గరే ఉంటాను," అంది.

చూసి ఏం చేస్తామని నేనింకా ఆలోచిస్తున్నాను. అత్తగారు లేచి కుచ్చిళ్లు సర్దుకున్నారు. "బస్సెక్కడ ఎక్కాలో కనుక్కో," అన్నారు. నర్సమ్మకు మార్పిడిగా ఇవ్వొచ్చని ఆ నాలుగో భాగం కూడా కొన్నాను.

ఏలూరు నుంచి కైకలూరుకు పల్లెవెలుగు బస్సులు తరచుగా ఉంటాయి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు. పెదయడ్లగాడి వంతెన దగ్గర నీళ్లు బాగా విశాలమయ్యాయి. గుర్రపుడెక్క మధ్యలో గూడబాతులు గుంపులుగా కూర్చున్నాయి. బస్సులో ఉన్నవాళ్లంతా అటు చూస్తున్నారు, అత్తగారు మాత్రం నా చెవిలో ఊహలు చెబుతున్నారు. "తులసి అతనిచ్చిన ఉంగరం చూపిస్తుందేమోనే. లేకపోతే అతని అమ్మ పాడిన పాట పాడుతుంది. పాటైతే గుర్తొచ్చి తీరుతుంది."

కైకలూరులో బస్సు మారి ఆలపాడులో దిగాం. అక్కడి నుంచి కొల్లేటికోటకు షేర్ ఆటో. గుడికి వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆదివారాలు, జాతర రోజులు ఆటోలకు లోటుండదు. మామూలు రోజుల్లో నిండే దాకా ఆగాలి.

"పెద్దింట్లమ్మ గుడికాండీ?" అన్నాడు డ్రైవరు.

"ముందు నర్సమ్మ ఇంటికి," అన్నారు అత్తగారు.

"ఒంట్లో బాగోలేదాండీ?"

"బానే ఉన్నాను నాయనా. కథ సగంలో ఆగిపోయింది, అంతే."

అతనికేమర్థమైందో గానీ నేరుగా ఇంటి ముందే దింపాడు. రేకుల వరండా, గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం. నర్సు పేరు సునీత. ముప్పై ఏళ్లుంటాయి. భర్త చెరువుల మీద పని చేస్తాడు. మజ్జిగ ఇచ్చి, లోపలి నుంచి పుస్తకం తెచ్చింది. క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. అంచులు నలిగి మెత్తబడ్డాయి. తెరిచి వెన్ను చూశాను. ఐదే.

"ఇదొక్కటే ఉందండీ నా దగ్గర," అంది సునీత. "డ్యూటీ నుంచి వచ్చాక ఇదే చదువుకుంటాను. వాళ్లిద్దరూ ఎలా కలిశారో తెలీదు, చివరికేమయ్యారో తెలీదు. అయినా బాగుంటుందండీ."

నాలుగో భాగం తీసి, మార్చుకుందామా అన్నాను. ఆ అమ్మాయి ఆలోచించి, "నాలుగు తీసుకుని ఐదిచ్చేస్తే నాకు మళ్లీ ఒకటే కదండీ," అంది. మాట మృదువుగానే ఉంది. పోనీ ఫోన్లో ఫోటోలు తీసుకోనా అని అడగబోతుంటే అత్తగారు చాప మీద సర్దుకుని కూర్చున్నారు.

"వాళ్లెలా కలిశారో నేను చెబుతానమ్మా. కూర్చో," అన్నారు.

మొదలుపెట్టారు. దీపస్తంభం, మంచు, గాలికి ఆరిపోయిన దీపం, తడి బట్టలతో మెట్ల మీద నిలబడ్డ కుర్రాడు. నేను రోజుకింత చొప్పున చెప్పిన నాలుగు పుస్తకాలూ ఆవిడ నోట ఒక్క ధారగా వస్తున్నాయి. నేను చెప్పినప్పుడు అంత బాగా లేవు. చేపలు బాగుచేసుకుంటున్న పక్కింటావిడ చేతులు కడుక్కుని వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకచోట సునీత ఆపింది.

"ఈశ్వర్ ఎవరండీ అమ్మగారూ? నా పుస్తకంలో ఎజ్రా కదా?"

"నాకు నోరు తిరగదమ్మా ఆ పేరు."

"మా బైబిల్లో ఉన్న పేరేనండీ. ఎజ్రా. అనండి."

అత్తగారు రెండుసార్లు అని చూసి, మూడోసారి సరిగ్గా అన్నారు. ఆ తర్వాత ఎజ్రా అనే చెప్పారు. ఎజ్రా ఒడ్డుకొచ్చి "ఎవరు నువ్వు?" అని అడిగిన చోట ఆపేసరికి సునీత కళ్లు తుడుచుకుంటోంది. "ఇదా ముందు జరిగింది? అందుకా ఈ పిల్ల మొదటి పేజీలోనే అంతలా ఏడుస్తుంది? నాకిన్నాళ్లూ తెలీలేదండీ," అంది. పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. "చదవండి మేడం. అందరం విందాం."

తొమ్మిదో ప్రకరణంలో ఉండగా ఆటో డ్రైవరు వచ్చి హారను కొట్టాడు. ఇదే చివరి ట్రిప్పన్నాడు. నేను పుస్తకం మూశాను.

"పుస్తకం కదలనంటే మనమే ఉందాం," అన్నారు అత్తగారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ చుట్టాల ఇంట్లో తప్ప ఎక్కడా రాత్రి ఉండగా నేను చూడలేదు. చుట్టాల ఇంట్లోనైనా తన గ్లాసు తనే తీసుకెళ్తారు. సునీతకు కంగారు పుట్టింది. "మా ఇంట్లో మీరేం తింటారండీ?" అంది. చేపలు వండని గిన్నె ఒకటుంటే చాలన్నారు అత్తగారు. పక్కింటావిడ పెళ్లిలో వచ్చిన కొత్త గిన్నె అటక మీంచి దింపింది. అన్నం, పెరుగు, నిమ్మకాయ పచ్చడి. అత్తగారు రెండుసార్లు పెట్టించుకున్నారు.

భోజనానికి ముందు ఇంటికి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"ఏవండీ, రేపొస్తాం. నేను పిన్ని కూతురి దగ్గర లేను. కొల్లేటికోటలో ఉన్నాను, నర్సమ్మ ఇంట్లో. దెయ్యాల పుస్తకం కోసం వచ్చాం. పొద్దున్న పూజకు ఒత్తులు డబ్బాలో ఉన్నాయి."

మామయ్యగారి గొంతు నెమ్మదిగా వచ్చింది.

"ఇంతకీ ఆ కుర్రాడికి ఆ పిల్ల గుర్తొచ్చిందా?"

అత్తగారు ఫోన్ చెవి నుంచి తీసి నా వంక చూశారు. పెరటి అరుగు వెనకే ఆయన పడగ్గది కిటికీ ఉంటుంది. ఆయన కొన్నాళ్లుగా సంధ్యావందనం త్వరగా ముగించుకుని ఆ గదిలోకే వెళ్తున్నారు. ఎందుకో మాకెప్పుడూ తట్టలేదు.

"ఇంకా లేదండీ," అన్నారు అత్తగారు. "వచ్చాక అంతా చెబుతాను." ఫోన్ పెట్టేశాక ఇద్దరం పడి పడి నవ్వాం. సునీతకు కారణం చెప్పేసరికి ఆ అమ్మాయి కూడా అందుకుంది.

ఐదో భాగం ఆ రాత్రికి పూర్తయింది. పొద్దున్న సునీత చర్చికి వెళ్లింది. అత్తగారు స్నానం చేసి, వరండా తూర్పు మూల సునీత పెరట్లోని మందారాలతో పూజ చేసుకున్నారు. చర్చి నుంచి రాగానే ఆరో భాగం కవరు చింపాం. ఈసారి వరండా చాలక వాకిట్లో టార్పాలిన్ పరదా పరిచారు. ముగింపు ఇక్కడ రాయను, చదవాల్సినవాళ్లు ఉంటారు. చివరి పేజీ చెప్పాక పక్కింటావిడ గట్టిగా ఈల వేసిందని మాత్రం చెబుతాను.

బయల్దేరేటప్పుడు సునీత ఐదో భాగాన్ని కొత్త కాగితంలో చుట్టి తెచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆ అమ్మాయి నన్ను దాటి వెళ్లి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇది మీకండీ అమ్మగారూ. మేడంగారికి కాదు. మొదలు చెప్పింది మీరు కదా."

ఆవిడ కాదనలేదు. రెండు చేతులతో తీసుకున్నారు. నాలుగో భాగం సునీత దగ్గర వదిలేశాం. మొదటి మూడూ నెలకొకటి చొప్పున తాడేపల్లిగూడెం వచ్చి పట్టుకెళ్తానంది. ఇంతవరకు నా పుస్తకం ఒక్కటి కూడా ఎవరికీ ఎరువివ్వని నేను, సరేనన్నాను. దారిలో పెద్దింట్లమ్మ దర్శనం చేసుకుని, ఆలపాడు నుంచి ఆకివీడు, భీమవరం మీదుగా బస్సుల్లో సాయంత్రానికి ఇల్లు చేరాం.

నేనింతవరకూ సెట్టు పూర్తవడమంటే బీరువాలో ఖాళీ లేకుండా చూసుకోవడమే అనుకున్నాను. ఇప్పుడు ఆరు భాగాలూ మా ఇంట్లో ఉన్నాయి. అయితే ఐదోది మా అత్తగారి సొంతం. దాన్ని ఆవిడ మామయ్యగారి స్తోత్రాల బీరువాలో, లలితా సహస్రనామం పక్కన పెట్టుకున్నారు. నాకు కావాలంటే అడగాలి. ఆ బీరువాలోకి దెయ్యాల పుస్తకం ఎలా వచ్చిందని మామయ్యగారు అడగలేదు. మేం వచ్చిన సాయంత్రం ఆయన కిటికీ వెనక కూర్చోలేదు. మడత కుర్చీ తెచ్చి పెరటి అరుగుకు ఎదురుగా వేసుకుని, కండువా భుజాన సర్దుకుని, "ఊఁ, మొదలుపెట్టండి," అన్నారు. ఈ పుస్తకాలు చదువుతానని ఎవరైనా నవ్వితే ఇరవై ఏళ్లుగా తల దించుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం చాలా గట్టిగా చదివాను.

వెళ్లదలుచుకున్నవాళ్లకు ఒక్క మాట: కొల్లేటికోట నుంచి ఆలపాడుకు ఆటోలు చీకటి పడకముందే ఆగిపోతాయి. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నా సరే, సంచిలో ఒక జత బట్టలు పెట్టుకోండి.