గొంగడి గోడల బండి

మొన్న కల్వకుర్తి దవాఖానకు పోయి వస్తూ శ్రీశైలం రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉన్నాను. పక్కనే చాయ్ హోటలు ముందర పట్నం జంట ఒకటి తమ తెల్లబండిని ఆపి ఏదో మీట నొక్కారు. బండి పైకప్పు మెల్లగా లేచింది, లోపల చిన్న ఇల్లే కనబడింది. మంచం, పొయ్యి, కిటికీకి పూలపూల తెర. చుట్టూ చేరినవాళ్ళు నోళ్ళు తెరుచుకొని చూస్తుంటే నాకు మాత్రం లోలోపల నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నా నవ్వు చూసి, లోపలికి వచ్చి చూడమని మర్యాదగా పిలిచింది. నేను మోకాలు చూపించి వద్దన్నాను. ఇటువంటి బండి మాకూ ఉండేదమ్మా అంటే నమ్మేదో లేదో, ఆటో రాగానే ఎక్కి కూర్చున్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతాను.

నేను మెట్టింది గొర్లకాపరుల ఇల్లు. పదో తరగతి చదివిన పిల్లను గొర్ల వెంట తిరిగే ఇంటికి ఇస్తారా అని మా మేనత్త మా నాయినను చాలా రోజులు దెప్పింది గాని, ఆ బతుకు మీద నాకు ఎన్నడూ చిన్నచూపు లేదు. నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, ఎండలు ముదిరేసరికి మా దిక్కు గుట్టల మీద గడ్డిపోచ మిగలదు. అప్పుడు అన్నదమ్ముల మందలన్నీ కలిపి దేవరకొండ మీదుగా నల్గొండ దిక్కు కాలువ కింది పొలాలకు తోలుకుపోయేవాళ్ళం. వరి కోసిన మళ్ళలో గొర్లు మేసేవి, పొద్దుగూకాక అక్కడే చుట్టూ వల కట్టి మందను పండబెడితే ఆ మడికి ఎరువయ్యేది, అందుకు రైతు మాకు బియ్యం ఇచ్చేవాడు. మృగశిర వానలు పడేదాకా ఆ మళ్ళలోనే మా కాపురం. మగవాళ్ళు మేపితే, ఆడవాళ్ళకు వంటతో పాటు గొర్రెపిల్లల పని. దారిలో పుట్టిన పిల్లను గంపలో మోయాలి, తల్లి దగ్గరికి రానియ్యకపోతే పట్టుకొని పాలు కుడిపించాలి, ఏ పిల్ల ఏ తల్లిదో గుర్తు పెట్టుకోవాలి. మా మందలో ఆ పని నాది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నా మోకాళ్ళు మొరాయించాయి. మహబూబ్‌నగర్‌లో డాక్టరమ్మ చూసి, ఇకమీదట కింద కూర్చోవద్దు, కింద పండుకోవద్దు, దూరం నడవొద్దు అంది. మంద వెంట పోయే మనిషిని ఇవన్నీ వద్దంటే మిగిలేదేముంది? ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా బావగారు, అంటే మా ఆయన అన్న, నన్ను మా చెల్లె ఇంట్లో ఉంచి పోదామన్నాడు. ఆయన భార్య, మా యారాలు, తన మందలోని గొర్రెపిల్లల పనే తనకు సరిపోతుందని, నా వంతు పని ఎవరు చేస్తారని అడిగింది. అదీ నిజమే. అట్లయితే తమ్ముడి మందను అమ్మెయ్యడమే మేలని బావగారు తేల్చాడు. నా ముందరే నన్ను అడగకుండా మాట్లాడుకుంటుంటే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా ఆయన మాటలు తక్కువ మనిషి. అంతా విని లేచి నిలబడి, "మందను అమ్ముడు గాదు, ఆమెను ఇడిసిపెట్టుడు గాదు. నేనేదన్న ఉపాయం జూస్త" అని బయటికి పోయాడు.

ఆ ఉపాయమే బండి. షాద్‌నగర్‌లో కిరాయి బండి నడిపే మా మరిదిని వెంటబెట్టుకొని, నన్ను కూడా బస్సెక్కించి, పాత బండ్లు అమ్మే జాగాకు తీసుకుపోయాడు. అక్కడ మూడు గీరల ఆటో ట్రాలీ చవకగా వస్తుందన్నారు గాని, పొలం గట్టు ఎక్కితే పక్కకు పడుతుందని మా మరిది వద్దన్నాడు. పెద్దబండి బాటలో పట్టదు. మంచి పికప్పు ఒకటి దొరికింది, కానీ అది ఏళ్ళ తరబడి కోళ్ళు మోసిందట, దాని దగ్గరికి పోగానే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. గొర్ల వాసనలో బతికేదానికి కోళ్ళ వాసన పడదా అని మా మరిది ఎంత ఎగతాళి చేశాడో. చివరికి పాలక్యాన్లు మోసిన బండి దగ్గర ఆగాం. బండి కొనేవాళ్ళు ఎవరైనా ఇంజను చూస్తారు, టైర్లు తన్ని చూస్తారు. మా ఆయన మాత్రం ఒక పీట తెప్పించి, వెనుక తలుపు దించి, నన్ను ఎక్కమని నా కాలు దిక్కే చూస్తూ నిలబడ్డాడు. అక్కడున్నవాళ్ళు నవ్వుతుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కగలిగాను. అదే బేరమైంది.

కల్వకుర్తిలో వెల్డింగు షాపాయనకు తనకు కావలసింది చెప్పడానికి మా ఆయన అగ్గిపుల్లలతో నేల మీద ఇల్లు కట్టి చూపించాడు. పొలాల బాటల్లో కరెంటు తీగలు, తుమ్మకొమ్మలు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి పోయేటప్పుడు కప్పు కిందికి ఉండాలి, ఆగినప్పుడు నేను నిటారుగా నిలబడేంత ఎత్తుకు లేవాలి. షాపాయన పైపులో పైపు దూర్చి, రంధ్రాలు పెట్టి, సీలలు బిగించాడు. ఇద్దరు పట్టి ఎత్తితే రేకు కప్పు లేచి నిలబడేది. లోపల నవారు మంచం, దాని కింద గొర్రెపిల్లలకు ఇనుప జాలి అర, చిన్న గ్యాసు పొయ్యి, నల్లా బిగించిన నీళ్ళ డ్రమ్ము, ఎక్కి దిగడానికి ఇనుప మెట్లు. చుట్టూ గోడలకు కొత్త నీలంరంగు టార్పాలిన్ పట్టా కట్టించాం. చూడడానికి కండ్లపండుగగా ఉంది. పుట్టింటి నుంచి అత్తింటికి పోయినప్పుడు కూడా నేను అంత మురవలేదు.

ఆ మురిపెం దేవరకొండ దాటి మొదటి మజిలీ దాకానే. సాయంత్రం మంద వలలో పండుకుంది, బండి నడపడానికి మా వెంట వచ్చిన మా మరిది దాన్ని పక్కనే ఆపాడు, కప్పు ఎత్తి పట్టాలు దించాం. చీకటి పడగానే గాలి లేచింది. పట్టా పటపటమని కొట్టుకోవడం మొదలుపెట్టేసరికి గొర్లన్నీ ఒక్కసారే లేచి, వల తెంపుకొని, పక్కనున్న కోయని వరిలో పడ్డాయి. ఎంత పొలం తొక్కాయో చెబితే మీకూ బాధే. మందను మళ్ళించి తెచ్చేసరికి రైతు వచ్చి నిలబెట్టి తిట్టాడు, బావగారు అతని కాళ్ళావేళ్ళా పడి, నష్టం కట్టిస్తామని ఒప్పుకొని సర్దిచెప్పాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి, "బండిని మందకు దూరం పెట్టున్రి, లేకుంటే తెల్లారి వెనుకకు తోలున్రి" అన్నాడు. ఆయన కోపంలో తప్పు లేదు. కానీ దూరం పెడితే ఈనే గొర్రె దగ్గరికి నేను చేరేదెట్లా? అట్లా పోయి ఏం లాభం?

మా ఆయన పట్టాలన్నీ తెంపి చుట్టి పడేశాడు. నాకు రాత్రి గాలి తగలకుండా తన గొంగడిని బండికి అడ్డంగా వేలాడదీశాడు. గాలి ఆగలేదు గాని, ఆ బరువుకు గొంగడి కదలనేలేదు. కాసేపటికి ముసలి గొర్రె ఒకటి వచ్చి దాని అంచును వాసన చూసి, అక్కడే కాళ్ళు ముడుచుకొని పండుకుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంతకాలం గొర్ల బొచ్చుతో నేసిన గొంగళ్ళు కప్పుకొని బతికిన మేము, బండి అనగానే దుకాణానికి ఉరికాం.

తెల్లారి మా యారాలే ముందు తన పాత గొంగడి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ ఒకటి తెచ్చారు. మా అత్త పోయినప్పటి నుంచి ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న ఆమె గొంగడిని బావగారు మంచం మీద పెట్టి పోయాడు. మంచం మీద కూర్చొని దబ్బనంతో వాటిని కలిపి కుట్టాను. ఆ సాయంత్రం గాలి లేచినప్పుడు అందరమూ పని ఆపి గొర్ల దిక్కు చూస్తూ నిలబడ్డాం. అవి నెమరువేస్తూనే ఉన్నాయి. బావగారు బండిని ఇంకొంచెం దగ్గరికి తెమ్మని మా మరిదికి చెయ్యూపాడు.

అట్లా ఎన్నో ఎండాకాలాలు పోయాం. లోకంలో ఎవరికి దొరికింది ఆ భాగ్యం? పెండ్లయిన ఇన్నేళ్ళకు మా ఇద్దరికీ ఒక తలుపంటూ ఏర్పడింది. మంచం మీద ఎదురెదురుగా కూర్చొని అన్నం తినేవాళ్ళం, మంచం కింద గొర్రెపిల్లలు మే మే అంటుంటే వాటితో పాటు మేమూ మాట్లాడుకునేవాళ్ళం. మాటలు తక్కువ మనిషి అన్నాను కదా, ఆ బండిలో ఎన్ని మాటలు చెప్పాడో.

ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతే నాకు గుర్తుపట్టే జాగా కనబడదు. మా మందలు పండుకున్న మళ్ళల్లో చాలావాటికి కంచెలు పడ్డాయి, కొన్నింటిలో ప్లాట్ల రాళ్ళు లేచాయి. మిగిలిన చోట ఒక పంట కోయగానే ఇంకో పంటకు దున్నుతున్నారు. ఒకప్పుడు మందను మా మడికే తోలుకురావాలని పోటీపడి పిలిచిన రైతులు ఇప్పుడు ఎరువు బస్తాలు తెచ్చుకుంటున్నారు. మా మందా ఎప్పుడో అమ్ముడుపోయింది. ఎందుకు అమ్మినవని ఎవరడిగినా మా ఆయనది ఒకటే మాట, "మేపెటానికి జాగ లేదు, ఇగ ఏం జేస్తం."

అది నిజమే. కానీ మేము అమ్మిన యేడు కూడా మా బావగారు వాళ్ళు తోలుకుపోయారు, వాళ్ళకు జాగా దొరికింది. అంతకు ముందటి ఎండాకాలం ఒక గొర్రె ఈనుతుంటే నేను లేచి మెట్లు దిగి చేరేసరికి ఆలస్యమై పిల్ల చనిపోయింది. ఆ రోజంతా నేను అన్నం తినలేదు. మా ఆయన అది చూశాడు, మరుసటి యేడు మందను అమ్మేశాడు, కానీ ఇన్నేళ్ళలో నోరుజారి కూడా నా మోకాళ్ళ పేరు ఎత్తలేదు. అందుకే ఎవరైనా నన్నడిగితే నేనూ జాగా లేదనే చెబుతాను.