తిరిగి వెళ్లని బిళ్ల

డెబ్బైల చివర్లో నేను తాండూరులో కంది విత్తనాల గోదాములో పనిచేసేదాన్ని. గోదాముకు మధ్యలో ఒక గోడ ఉండేది. అవతల బండ్ల మీద వచ్చే సంచులను తూచే కాంటా, గుమాస్తా. ఇవతల సంచులు పేర్చే గదులు, మేము ఆరుగురు ఆడవాళ్లం. గోడకున్న కిటికీలోంచి సంచి వచ్చేది, దాని వెంట ఒక రేకు బిళ్ల వచ్చేది. సంచిని గదిలో పేర్చాక బిళ్లను తిరిగి కిటికీలోంచి వేయాలి. బిళ్ల వచ్చిందంటే సంచి భద్రంగా చేరినట్టు. గుమాస్తా దాన్ని మేకుకు తగిలించి ఇంకో సంచి పంపేవాడు. అతనికి మా ముఖాలు కనిపించవు, గోలలో మా మాట వినిపించదు. లోపలి సంగతి అతనికి చెప్పేది ఆ బిళ్ల ఒక్కటే.

తప్పు మేమే చేశాం. బిళ్ల ఆలస్యమైతే తిట్లు పడతాయని సంచి చేతికి రాగానే వేసేసేవాళ్లం. గది నిండిపోయినా, సంచి చినిగి గింజలు ఒలికినా బిళ్ల మాత్రం వెళ్లేది. ఒక ఏడాది చోటులేక నడవలో వదిలేసిన సంచులు తడిసి మొలకలెత్తాయి. అవతల బిళ్లలన్నీ మేకుకు ముచ్చటగా వేలాడుతున్నాయి. మళ్లీ ఒక్క సంచి తడిసినా మా ఆరుగురి ముఠా మొత్తాన్ని పని మానిపిస్తానని గోదాము సేటు చెప్పాడు.

అప్పటికే నేను వయోజనుల బడికి పోతున్నాను. నలభై ఆరేళ్ల వయసులో పలక పట్టానని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. మూడో గది పైరేకు లేచిపోయి ఒక మూలన నీళ్లు లోపల పడసాగాయి. నా చేతిలో అప్పుడే వచ్చిన సంచి ఉంది. మా ముఠాకు పెద్ద, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, తొందరపెట్టింది.

"బిళ్ల ఏసెయ్ బిడ్డా. సంచి సంగతి తర్వాత జూద్దాం."

"ఏస్తే ఇంకోటి పంపుతడు ఖాలా. లోపల మంచిగున్నదనుకుంటడు."

"ఎయ్యకపోతే తిడతడు!"

"తిట్టనీ."

బిళ్లను కొంగున ముడివేసుకున్నాను. నా బడిసంచిలోని పలక తీసి గాలి గురించి, రేకు గురించి, మా తిప్పల గురించి పలక నిండా రాసి కిటికీలో పెట్టాను. గుమాస్తా చదవకుండానే వెనక్కి తోశాడు.

"గింత కథ ఎవడు చదువుతడు? బిళ్ల ఏది?"

నిజమే, కాంటా దగ్గర నిలబడ్డవాడికి అంత తీరిక ఎక్కడిది? మొత్తం తుడిచేశాను. ఏ గది, ఏమైంది, ఏం చేయాలి, అంతే రాశాను. "మూడో గది. వాన. ఆపు."

అవతల కాంటా చప్పుడు ఆగింది.

"గిది ఎవరు రాసిన్రు?"

"నేనే సారూ."

"నువ్వా! నీకెప్పుడొచ్చినయ్ అచ్చరాలు?"

"వచ్చినయ్ తీ. ముందుగాల బండ్లను షెడ్డుకిందికి పంపు!"

పంపాడు. మూడో గదిలో ఉన్న కొన్ని సంచులను మేము పరుగున రెండో గదికి చేర్చాం. సాయంత్రం సేటు వచ్చి సంచులన్నీ చేత్తో తడిమి చూశాడు. ఒక్కటీ తడవలేదు.

"ముఠా ఉంటది," అన్నాడు. "పలక గూడ ఉంటది."

ఆ ఏడు ఖాలాతో సహా అందరం "నిండింది", "చినిగింది", "తడి", "ఆపు" రాయడం నేర్చుకున్నాం. సంచి దాని చోటికి చేరితేనే బిళ్ల. లేకపోతే పలక. రెండూ కలిపి ఎప్పుడూ పంపలేదు. కాస్త ఆలస్యమైనా గుమాస్తా నోరెత్తలేదు.

తర్వాత వికారాబాద్ గోదాము నుంచి నన్ను పిలిపించారు. రైలు దిగి వెళ్తే అక్కడ అంతా మగవాళ్ల ముఠా. వాళ్ల మేస్త్రీ నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఈమెనా మనకు పని నేర్పేది?"

నేను కిటికీ వైపు చెయ్యి చూపాను. సంచి ఇంకా అతని మనిషి భుజం మీదే ఉంది, బిళ్ల అప్పుడే అవతలికి పోయింది.

"నేర్పుత అన్నా," అన్నాను. "ముందుగాల ఆ బిళ్ల వాపసు తెప్పియ్యి."

ముఠా అంతా గొల్లున నవ్వింది. మేస్త్రీయే స్వయంగా వెళ్లి బిళ్ల తెచ్చి నా చేతిలో పెట్టాడు.