పంపకాల అక్క చేసిన ఫోను

బీమా కంపెనీ మూడో అంతస్తులో, జిరాక్స్ మిషను పక్కన కూర్చునే ఆవిడను ఆఫీసంతా పంపకాల అక్క అంటుంది. ఆవిడది పునర్బీమా శాఖ. జనం తమ భయాలను బీమా కంపెనీకి అప్పగించి హాయిగా నిద్రపోతారు. మరి కంపెనీకి నిద్ర పట్టొద్దూ? అందుకని అది తన భయంలో పెద్ద ముక్కను ఇంకా పెద్ద కంపెనీకి అప్పగించి, వచ్చిన ప్రీమియంలో కొంత సమర్పించుకుంటుంది. ఏదైనా తగలబడితే ఒక హద్దు వరకూ నష్టం తనది, ఆ పైది వాళ్లది. ఈ మహత్కార్యాన్ని ఇంట్లో వివరించబోతే భర్త, "బీమాకి బీమా, అంతేగా? దానికి జీతం కూడానా?" అన్నాడు. ఆనాటినుంచి ఆవిడ ఇంట్లో ఉద్యోగధర్మాలు బోధించడం మానుకుంది.

ఈ ఒప్పందాన్ని ఏటా తిరగరాసుకోవాలి. ఈసారి సంతకాలు శుక్రవారం. బుధవారం పొద్దున, చల్లగా ఉంచడమే వృత్తిగా గల, తమ దగ్గరే బీమా ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ నిలువునా అంటుకుంది.

మేనేజరు ఆవిడను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"అక్కగారూ, సంతకాలయ్యేదాకా నోరు మెదపకండి. ఇప్పుడు చెబితే ఆ పెద్ద కంపెనీవాళ్లు రేటుతో చుక్కలు చూపిస్తారు."

"పెద్ద నష్టం తెలిసిన వెంటనే చెబుతామని రాసిచ్చాం సార్. ఆలస్యం చేస్తే ఈ మంట మొత్తం మన నెత్తినే. దాచి రాయించుకుంటే కొత్త ఒప్పందమూ చెల్లదు. ఇక కంపెనీ లేవదు."

"నష్టం లెక్కకట్టే సర్వేయరు రిపోర్టు రాలేదుగా. మనకింకా తెలీదనుకుందాం."

"మీ కిటికీలోంచి పొగ కనబడుతోంది సార్."

మేనేజరు గంభీరంగా లేచి కర్టెను వేశాడు. ఆ కర్టెను పట్టుకునే కాసేపు ఆలోచించాడు.

"సరే, మీరే ఫోన్ చెయ్యండి. నేనిక్కడ లేను" అని, అక్కడే కూర్చుని లేకుండాపోయాడు.

అవతలి కంపెనీ పెద్దాయన్ని ఆవిడ ఏనాడూ చూడలేదు. ఏళ్ల తరబడి గొంతులతోనే అన్నాచెల్లెళ్లు.

"అన్నయ్యగారూ, కోల్డ్ స్టోరేజీ ఒకటి కాలిపోతోంది. మా హద్దు దాటేలాగే ఉంది."

అటునుంచి కాలిక్యులేటరు మీటలు టకటకలాడాయి.

"రేటు పెంచుతానమ్మా."

"పెంచండి."

"ఏంటీ, పేచీ పెట్టవేం?"

"ఈసారి పెట్టే మొహం లేదండీ."

"మంచిది. దాచకుండా చెప్పావు కాబట్టి నష్టం మీరే తేల్చండి. మీరు ఎంతని తేలిస్తే దాన్నిబట్టే మా వాటా ఇస్తాం. మేమొచ్చి బూడిద కెలకం."

శుక్రవారం కొత్త రేటు చూసి మేనేజరు కలం మూసేశాడు.

"ఇంతిచ్చి కూడా సంతకం పెట్టాలంటారా?"

"పెట్టండి సార్. ఊళ్లో ఇంకా కాలనివి చాలా ఉన్నాయి."

ఆముదం తాగిన మొహంతో ఆయన సంతకం పెట్టాడు.