గోడకు బిగించిన చక్రం

మా పంచదార మిల్లు ఫిట్టరు గారు ఎవరేం చెప్పినా వినయంగా "చిత్తం" అనేవారు. ఆ మాట వచ్చిందంటే చెప్పిన పని జరగదని, చెరకు తూకం గుమాస్తానైన నాకు నెలలోనే తెలిసిపోయింది.

బాయిలరు నుంచి రసం కాగే పెనాలకు వెళ్ళే ఆవిరి ఒత్తిడిని అదుపులో ఉంచే వాల్వు ఆయన చూసుకునేవారు. మేనేజరు దొరకు తొందరెక్కువ. వాల్వు మర బిగించిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కనక, రసం త్వరగా కాగాలని, వచ్చినప్పుడల్లా దాన్ని బిగించేవాడు. ఒకనాడు గొట్టం అతుకు ఊడి, పెనం దగ్గరున్న మనిషి చెయ్యంతా బొబ్బలెక్కింది. అయినా దొర, "ఇంకా బిగించు," అన్నాడు.

"చిత్తం," అన్నారు ఫిట్టరు గారు.

మర్నాడు వాల్వును రేకుపెట్టెలో మూసి తాళం వేశారు. పక్క గోడకు నిగనిగలాడే ఇత్తడి చక్రం బిగించి, "ఇకనుంచి తమరు దీన్ని తిప్పండి దొరా," అన్నారు. దాని వెనక గోడ తప్ప ఏమీ లేదు. దొర రోజూ చెమటలు కక్కుతూ తిప్పేవాడు. "చాలండి, చాలండి! పెనాలు ఎగిరిపోతాయండి!" అని ఫిట్టరు గారు బతిమాలేవారు.

"తెలిస్తే ఉద్యోగం పోతుందండి," అన్నాను భయంగా.

"ఉద్యోగం ఇంకోటి దొరుకుద్దండి. ఒంటి మీద చర్మం దొరకదు కదండీ."

ఒకరోజు చక్రం ఊడి దొర చేతికొచ్చింది. గోడలో విరిగిన సీల ఒక్కటే కనబడుతోంది. నేను మెల్లగా తలుపు వైపు జరిగాను. ఫిట్టరు గారు మాత్రం చేతులు కట్టుకుని, "తమరి బలానికి సీల ఆగలేదండి," అన్నారు.

దొర తన జబ్బ ఒకసారి తడుముకున్నాడు.

"ఈసారి గట్టిది పెట్టు," అన్నాడు.