సముద్రానికి మోసుకెళ్లిన రవికముక్క

మా మరిదికి హుషారు ఎక్కువ, ముందుచూపు తక్కువ. బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లులో పనిచేస్తాడు. చంద్రపూర్ ఎండలకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే మే నెలలో ఒకరోజు ఫోన్ చేసి, ముంబై నుంచి గోవాకు పోయివచ్చే పెద్ద ఓడలో ఇంటిల్లిపాదికీ టికెట్లు తీసేశానన్నాడు.

"వదినె, లోపల్నే ఈత కొలను ఉంటది, సినిమాహాలు ఉంటది, ఎంత తింటే అంత తిండి. నడుమల గోవాల దించుతరు, ఇసుకల ఆడుకోవచ్చు," అన్నాడు. ఊర్జానగర్ క్వార్టర్‌లో కూలర్ ముందు కూర్చుని నేను ఊఁ కొట్టాను. కరెంటు కేంద్రంలో ఇంజనీరైన మా ఆయనకు ఎండాకాలం సెలవు దొరకడమే గగనం. ఈసారి అదీ దొరికింది.

అసలు ఆశ్చర్యం అత్తమ్మ. రాజురా దాటాక మా ఊరు. అక్కడి పత్తి చేను వదిలి ఆమె ఎక్కడికీ కదలదు. యాత్రకు పోదామంటే మోకాళ్ల నొప్పులు, పెళ్లికి రమ్మంటే బర్రె ఈనేటట్టుంది. అలాంటిది ఓడ అనగానే "వస్త" అంది. నన్ను పక్కకు పిలిచి, "సముద్రమంటే పెద్ద గంగనే గద బిడ్డా? ఆడ మనల్ని ఎరిగినోళ్లెవ్వరుండరు గద?" అని అడిగింది. ఆ రెండో ప్రశ్న ఎందుకడిగిందో ఆమె మూట కట్టుకునేటప్పుడు గానీ నాకు తెలియలేదు.

మా ఊళ్లో వార్ధా నదికి కొత్తనీళ్లు రాగానే ఆడవాళ్లు ఒడ్డుకు పోయి గంగమ్మకు ఒడి నింపుతారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు ఒడిబియ్యం పోసినట్టే నదికీ పసుపు బియ్యం పోసి, రవికముక్క, కొబ్బరికాయ పెడతారు. మామయ్య ఉన్నన్నాళ్లూ మా ఇంటి తరఫున ఆ పని అత్తమ్మదే. ఆయన పోయాక కూడా బియ్యం కలిపేది ఆమె, పళ్లెం సర్దేది ఆమె, బురదలో ఒడ్డుదాకా మోసేది ఆమె. నీళ్ల దగ్గరికి వచ్చాక మాత్రం పళ్లెం మా పెద్దత్త చేతికివ్వాలి. పెద్దత్త అంటే మామయ్య అక్క. ఆమె భర్త ఉన్నాడు కాబట్టి ఆమె చేతులు పనికొస్తాయి, అత్తమ్మ చేతులు పనికిరావు. పళ్లెం ఇచ్చేసి అత్తమ్మ వెనక్కి జరిగి నిలబడేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అక్కడ ఎవరినీ ఏమీ అనలేక ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని.

ఇప్పుడు ఆమె మూటలో పసుపు బియ్యం, కుంకుమ, ఆకుపచ్చ రవికముక్క, కొబ్బరికాయ ఉన్నాయి. "పెద్ద గంగకు నా చేతుల్తోని ఒక్కసారి ఒడి నింపుత బిడ్డా. ఎవ్వరికి చెప్పకు," అంది. చెప్పనన్నాను. ఆ బియ్యం ఆమె చేత నీళ్లలో పోయించకుండా తిరిగి రాకూడదని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

చిక్కేమిటంటే, ఎరిగినవాళ్లు లేని చోటికి పోదామని ఆమె బయలుదేరితే ఊరే వచ్చి ఓడెక్కింది. మరిది పెద్దత్తకు కూడా టికెట్ తీశాడు.

ముంబై రేవులో సామాను తనిఖీ. బయటి తిండి లోపలికి తేకూడదట. మేం ఓడంటే రైలుకు చెల్లెలనుకున్నాం. సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు, జొన్నరొట్టెలు, డబ్బాలకు డబ్బాలు మోసుకొచ్చాం. అన్నీ తీసి పక్కన పెట్టారు. తొక్కు డబ్బా పోయినప్పుడు పెద్దత్తకు ప్రాణం పోయినంత పనైంది. అత్తమ్మ కొబ్బరికాయ కూడా అక్కడే ఆగిపోయింది. బియ్యం, కుంకుమ, రవికముక్క ఉన్న మూటను మాత్రం ఆమె చీర కింద నడుముకు కట్టుకుంది. తనిఖీ చేసే ఆవిడ చెయ్యి సరిగ్గా దాని మీదే ఆగింది.

"ఓటీచం సామాన్ ఆహే, తాయీ," అన్నాను గబుక్కున మరాఠీలో. వాళ్లకూ ఒడి నింపే ఆచారం ఉంది, దాన్ని ఓటీ అంటారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కళ్లకద్దుకుంది. "జా ఆజీ," అని అత్తమ్మను లోపలికి పంపించింది.

మా అందరి లెక్కలో ఓడంటే వార్ధాలో తిరిగే నావకు పెద్దన్న. అంచున కూర్చుంటే చేతికి నీళ్లు తగులుతాయనుకున్నాం. అంత చదివిన మా ఆయన కూడా కింద ఎక్కడో మెట్లుంటాయిలే అన్నాడు. తీరా పై అంతస్తుకు పోయి చూస్తే సముద్రం ఎక్కడో పాతాళంలో ఉంది. చుట్టూ అద్దాల గోడ, ఏదీ బయటికి విసరకూడదని బోర్డు. అత్తమ్మ అద్దానికి అరచెయ్యి ఆనించి, "చుట్టంత నీళ్లే. చెయ్యి తడుపుకుందమంటె చుక్క దొరకదు," అంది.

మిగతా వైభోగం కూడా అంతంతమాత్రమే. మా గదికి కిటికీ లేదు, దాని బదులు గోడకు సముద్రం బొమ్మ తగిలించారు. ఈత కొలను మా వెనకింటివాళ్ల నీళ్ల హౌజు కంటే కొంచెం పెద్దది, అందులో దిగడానికి పిల్లలు వరుసలో నిలబడ్డారు. పప్పులో బెల్లం వేసినవాళ్లు బాగుపడరని పెద్దత్త శాపం పెట్టింది. మరిది ఒక్కడే "మస్తున్నది గదా వదినె? రేపు గోవాల దిగినంక చూడుండ్రి," అని అందరి చుట్టూ తిరుగుతుంటే నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే నా ఆశ కూడా ఆ గోవా ఇసుక మీదే ఉంది.

మర్నాడు పొద్దున మైకులో చెప్పారు. గాలి ఎక్కువగా ఉంది, గోవాలో ఆగడం కుదరదు, ఓడ వెనక్కి పోతుంది. మరిది ముఖం మాడిపోయింది. అత్తమ్మ గదిలోకి వచ్చి, నడుము మూట విప్పి మంచం మీద పెట్టింది. అప్పుడే పెద్దత్త తలుపు తోసుకుని వచ్చింది. ఆకుపచ్చ రవికముక్క కనబడగానే సంగతంతా పట్టేసింది.

"నీకేమన్న బుద్ధున్నదా? మొగుడు లేనిదానివి, గంగమ్మకు ఒడి నింపుతవా? ఆమెకు కోపమొస్తే ఇంటోళ్లందరం ఈ ఓడలనే ఉన్నం!" అని వరండా అంతా వినబడేటట్టు అరిచింది.

గంగమ్మ విన్నదో ఏమో, కాసేపటికి ఓడ ఊగడం మొదలైంది. మధ్యాహ్నానికి మా ఇంటివాళ్లలో సగంమంది వాంతి సంచుల్లో ముఖాలు పెట్టారు. అందరికంటే పెద్దత్త పరిస్థితి అన్యాయంగా ఉంది. "నేను చెప్పలే?" అని మధ్యలో తలెత్తి అనడం, మళ్లీ సంచిలో తల పెట్టడం. ఆమె వీపు నిమురుతూ కూర్చున్నది అత్తమ్మే. నిమురుతూనే నాతో మెల్లగా, "వద్దు తియ్యి బిడ్డా. బియ్యం తీస్కపోయి కోళ్లకేస్త," అంది.

ఆ మాటకు నాకు ఏడుపు, తిక్క రెండూ ఒకేసారి వచ్చాయి. "కోళ్లకు ఇంట్ల జొన్నలున్నయ్ అత్తమ్మా. ఇవి సముద్రానికే," అన్నాను, పెద్దత్తకు కూడా వినబడాలనే.

ముంబైలో దిగేసరికి మా రైలుకు ఇంకా కొంత సమయం ఉంది. అందరూ స్టేషన్‌కు పోయి నడుం వాలుద్దామన్నారు. "నేను అత్తమ్మను తీస్కొని సముద్రం కాడికి పోతున్న. వచ్చేటోళ్లు రాండ్రి, రానోళ్లు పోయి సామాను కాడ కూసోండ్రి," అన్నాను.

"రైలు తప్పితే?" అన్నాడు మా ఆయన.

"ఇంకోటెక్కుదాం. ఇది తప్పితే మీ అమ్మ మళ్ల చేను వదిలి రాదు."

మరిది వెంటనే టాక్సీ పిలిచాడు. పెద్దత్త కూడా మాతోనే ఎక్కింది. మమ్మల్ని ఆపడానికో, చేసేది చూడటానికో నాకు తెలియలేదు.

గిర్‌గావ్ చౌపాటిలో ఆ పూట సముద్రం మురికిగా ఉంది. ఇసుక నిండా ప్లాస్టిక్ కవర్లు, ఎవరో వేసిన పూలదండలు. మరిది చెప్పిన గోవాకూ దీనికీ పోలికే లేదు. అయినా అత్తమ్మ చెప్పులు విప్పి గబగబా నడిచింది. మరిది ఎవరూ అడగకుండానే ఎక్కడి నుంచో కొబ్బరికాయ కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నీళ్లు నాలుగడుగుల దూరంలో ఉండగా పెద్దత్త ముందుకొచ్చి, "సరే, తెచ్చినవ్ గద. ఇటియ్యి, నేను నింపుత," అని చేతులు చాపింది.

అత్తమ్మ చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. ఎన్నేళ్ల అలవాటో. నేను ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వే, అత్తమ్మా," అన్నాను. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి నీళ్లలోకి దిగింది.

మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో, అలలో అట్లాగే వంగి కూర్చుంది. కుంకుమ వేసింది, బియ్యం పోసింది, కొబ్బరికాయ వదిలింది, రవికముక్క నీళ్ల మీద పరిచింది. "అమ్మా, నేనే వచ్చిన," అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఒడ్డున మరిది కూడా అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

తర్వాతి అల రవికముక్కను తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే పడేసింది.

"చూసినవా? తీసుకోలే!" అంది పెద్దత్త.

అత్తమ్మ మళ్లీ వదిలింది. మళ్లీ వచ్చింది. ఆ తీరంలో వేసినవి చాలామటుకు తిరిగి వస్తాయని చుట్టూ ఉన్న చెత్త చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది, నోరు మాత్రం విప్పలేదు. అత్తమ్మ గుడ్డను పైకి తీసి, నీళ్లు పిండి, నవ్వింది. మామయ్య పోయినప్పటి నుంచి ఏ పెళ్లిలోనూ, ఏ పేరంటంలోనూ ఆమెకు ఎవరూ రవికముక్క పెట్టలేదు.

"గంగమ్మ నాకే పెట్టింది వదినె. మీరెవ్వరు పెట్టకపోతిరి," అంది.

పెద్దత్త మాకంటే ముందే పోయి టాక్సీలో కూర్చుంది. రైలు అందింది. దాంట్లోనూ మరిది "వచ్చే ఏడు అండమాన్" అని మొదలుపెడితే అందరం కలిసి నోరు మూయించాం.

ఆ రవికముక్కను మా కాలనీ దర్జీ దగ్గర కుట్టించి ఊరికి పంపాను. వానలు పడి వార్ధాకు ఎర్రనీళ్లు వచ్చాయని తెలియగానే నేనూ వెళ్లాను. అత్తమ్మ ఆకుపచ్చ రవిక తొడుక్కుని, పళ్లెం ఎత్తుకుని అందరికంటే ముందు నడిచింది. దారి పొడుగునా గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. నీళ్ల దగ్గర పెద్దత్త ఎప్పటిలాగే రెండు చేతులూ చాపి నిలబడింది. మోచెయ్యి పట్టుకోవాల్సి వస్తుందేమోనని నేను అత్తమ్మ వెనకే ఉన్నాను.

"జరుగు వదినె, ఆడ జారుతది," అని అత్తమ్మ పళ్లెంతో సహా నీళ్లలోకి దిగింది.