మెట్ల మీద పిలుపు

మా ఫర్నిచర్ షాపు మొదటి అంతస్తులో ఉంది. అమ్మకాల్లో అందరికంటే పెద్దవాడిని మేమంతా పిలుపు బాబాయ్ అనేవాళ్ళం. బేరం కుదరక కొనేవాళ్ళు మెట్లు దిగిపోతుంటే, ఎప్పుడు వెనక్కి పిలవాలో ఆయనకే తెలుసు. తొందరపడితే లోకువైపోతాం, ఆలస్యమైతే పక్క షాపులో తేలతారు. నిజంగా పోయేవాడు చకచకా దిగిపోతాడనీ, పిలిపించుకోవాలని ఉన్నవాడు చెప్పు సర్దుకునే వంకతో ఆగుతాడనీ గల్లాపెట్టె దగ్గర కూర్చునే నాకు నేర్పింది ఆయనే. "అన్నగారూ, ఒక్కమాట" అని ఆయన కేకేశాడంటే మంచం అమ్ముడైనట్టే.

మా యజమానికి ఈ బేరాలంటే గిట్టదు. ఒకే రకం బీరువా ఇద్దరికి రెండు ధరలకి పోవడం ఆయనకి మింగుడుపడేది కాదు. అందుకని కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. దాన్ని అమర్చడానికి వచ్చినావిడ మంచి మనిషే. బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, తగ్గింపు ఎవరికి, ఎంత, దేని తర్వాత ఏది లెక్క కట్టాలి అని ఓపిగ్గా అడిగింది. పాత సరుకు తగ్గింపు ముందు తీసేయాలి, మిగిలినదాని మీద తెలిసినవాళ్ళ తగ్గింపు వేయాలి, ఆఖర్న బండి ఖర్చు కలపాలి. ఇంతవరకూ ఇద్దరూ కలిసి చక్కగా తేల్చారు. బేరం తగ్గింపు దగ్గరకొచ్చేసరికి బాబాయ్ నీళ్ళు నమిలాడు.

"అది మొహం చూసి ఇచ్చేదమ్మా," అన్నాడు.

ఆవిడ పాపం నవ్వలేదు. మొహానికి ఇందులో చోటు లేదు, ఏదైనా ఒక షరతు చెప్పమంది. ఆయన ఆలోచించి ఆలోచించి, ఒకే సోఫాలో రెండోసారి వచ్చి కూర్చున్నవాళ్ళకి అన్నాడు. ఎవరు ఎన్నిసార్లు కూర్చున్నారో కంప్యూటరుకేం తెలుస్తుంది, నా తలకాయ! చివరికి యజమానే తేల్చేశాడు. నూటికి ఐదు దాకా ఎవరైనా తగ్గించొచ్చు. ఆ పైన ఒక్క రూపాయి తగ్గించాలన్నా తెర మీద నొక్కి ఆయన ఫోనుకి అనుమతి కోసం పంపాలి, ఆయన ఒప్పుకుంటేనే బిల్లు. పనిలో పనిగా ఇంకో మాటా అన్నాడు. ఎవరి అమ్మకం ఎంతో ఇక తెర మీదే కనబడుతుందట, మూడు నెలలు చూసి అట్టడుగున ఉన్నవాళ్ళని మానిపించేస్తాడట.

బాబాయ్‌కి అరవై దాటాయి. ఇక్కడ పోతే ఇంకెవరూ పెట్టుకోరు. ఆ సంగతి పిన్నికి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఆయనేం మొండికేయలేదు. కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ తెర మీద నొక్కడం నేర్చుకున్నాడు. కానీ అవతల ఆ మహానుభావుడు ఫోను చూడాలిగా. భోజనంలోనో, బ్యాంకులోనో, కునుకులోనో ఉండేవాడు. ఈలోగా కొనేవాళ్ళు మెట్లు దిగిపోయేవారు. బాబాయ్ నోటిదాకా వచ్చిన పిలుపు అక్కడే ఆగిపోయేది. ఏ ధర చెప్పి పిలుస్తాడు? నాకు ఒళ్ళు మండిపోయి, ఆ ఐదుని పది చేయమని అమర్చినావిడకి ఫోన్ చేసి బతిమాలాను. చిటికెలో పనేగానీ, యజమాని చెప్పందే తాకకూడదంది. ఆయన్నే అడిగితే, నీ గల్లాపెట్టె నువ్వు చూసుకో అన్నాడు.

మూడో నెల ఆఖర్లో భార్యాభర్తలిద్దరు వచ్చి టేకు మంచం చూశారు. భార్య దాని మీద వేసిన చెయ్యి తీయలేదు. నూటికి ఎనిమిది తగ్గిస్తే ఇప్పుడే తీసుకుంటామన్నారు. అదొక్కటి అమ్ముడైతే బాబాయ్ అట్టడుగు నుంచి గట్టెక్కుతాడు. అనుమతి కోసం నొక్కాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాం. నేను విడిగా ఫోన్ చేశాను, యజమాని ఎత్తలేదు. వాళ్ళు విసిగి లేచారు. మెట్ల మధ్యలో భర్త ఆగి చెప్పు సర్దుకున్నాడు. బాబాయ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, పెదవులు కదిలాయి, మాట రాలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక తెర మీద అనుమతి వచ్చింది.

రెండు రోజుల తర్వాత యజమాని బాబాయ్‌ని లోపలికి పిలిచి, తెర ఆయన వైపు తిప్పి, మర్యాదగానే చెప్పాడు. బాబాయ్ క్యారేజీ తీసుకుని, "వస్తానమ్మాయ్" అని మెట్లు దిగాడు. సగం దాకా వెళ్ళి, క్యారేజీ పక్కన పెట్టి, వంగి చెప్పు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

యజమాని గది వైపు చూశాను. అద్దంలోంచి ఆయనా మెట్ల వైపే చూస్తున్నాడు. కాసేపటికి తల తిప్పుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బాబాయ్ ఆ చెప్పుని చాలాసేపు సర్దుకున్నాడు. పిలవడానికి నా దగ్గర ఏముంది? ఆయన లేచి, క్యారేజీ అందుకుని, వీధిలోకి దిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.